ఛార్జింగ్ ఉన్నంతసేపే సంబంధాలు

ఆ రోజుల్లో, అంటే నాకు డిగ్రీ పట్టా కొత్తగానూ లోకజ్ఞానం అస్సలు లేకుండానూ ఉన్న రోజుల్లో, పెళ్ళి కుదరాలంటే ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, రెండువైపులా నలుగురు పెద్దవాళ్ళు ఉంటే సరిపోతుందనుకునేదాన్ని. గుంటూరులో ఒక పెళ్ళిసంబంధాల ఆఫీసులో పనికి చేరాకగానీ, వీళ్ళందరికంటే ముందు ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఉండాలన్న సంగతి తెలిసిరాలేదు. అసలు నేను ఆ ఆఫీసుకి వెళ్ళింది ఉద్యోగానికి కాదు. నా పేరు నమోదు చేయిద్దామని మా అమ్మ వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది. ఆఫీసు నడిపే ఆవిడని చిన్నా పెద్దా అందరూ పిన్నిగారనే పిలిచేవాళ్ళు (అసలు పేరు వాళ్ళాయనకైనా గుర్తుందో లేదో). ఆవిడ ఒంటి వేలితో అక్షరాలు వెతుక్కుంటూ నా వివరాలు ల్యాప్‌టాప్‌లో కొడుతుంటే చూడలేక, "ఇటివ్వండి పిన్నిగారూ, నేను కొడతాను" అని నా ఎత్తు, రంగు, చదువు, గుణగణాలు అన్నీ నేనే టకటకా కొట్టేశాను. 'వంట' అన్నచోట 'కొద్దిగా' అని కొడితే, అమ్మ నా భుజం మీంచి తొంగిచూసి 'బాగా' అని మార్పించింది. పిన్నిగారు నా వేళ్ళకేసి కాసేపు చూసి, "సంబంధం సంగతి తర్వాత చూద్దాం వదినా, ముందు పిల్లని రేపట్నించి పన్లోకి పంపించు" అన్నారు. ఇంటికొచ్చాక అమ్మ, "పెళ్ళికొడుకు కోసం వెళ్తే ఉద్యోగం అంటగట్టింది" అని నాన్న దగ్గర వాపోయింది. నాన్న పేపరు దించకుండానే, "రెండిట్లో నెలనెలా జీతం తెచ్చేది అదేగా" అన్నారు.

మా ఆఫీసులో అన్నీ ఒకే కులం సంబంధాలు. ఆ కులమేదో చెబితే మీరు నన్ను మనమ్మాయనో కాదనో తేల్చేసుకుని, అక్కడితో చదవడం ఆపేస్తారు కనుక చెప్పను. అబ్బాయిల ఫోటోలు, అమ్మాయిల ఫోటోలు, వివరాలతో సహా ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉండేవి. పిన్నిగారి మేనల్లుడు కొత్తది కొనుక్కుని, పాతది పారెయ్యడానికి మనసొప్పక మేనత్తకి బహుమతిగా ఇచ్చిన ల్యాప్‌టాప్ అది. సగం మీటల మీద అక్షరాలు అరిగిపోయాయి, మూత తెరిస్తే కిర్రుమనేది. ఫోన్లో ఫోటోలు పంపడం మాత్రం పిన్నిగారి శాస్త్రంలో నిషిద్ధం. "ఫోన్లో పెట్టామనుకోవే అమ్మాయ్, అక్కణ్ణుంచి వాళ్ళూ వాళ్ళూ మాట్లాడేసుకుంటారు. పెళ్ళికి మనకి శుభలేఖ కూడా రాదు" అనేవారు. అందుకని ల్యాప్‌టాప్ మేమే మోసుకెళ్ళి చూపించేవాళ్ళం. అందులోనూ మిరపకాయలు కళ్ళాల్లో ఎండే రోజుల్లో రైతులెవరూ పని వదిలి టౌనుకి రారు. మేమే ఆటో కట్టించుకుని ఊళ్ళకి వెళ్ళి, కళ్ళం గట్టున తాటాకు పందిరి కింద కూర్చుని, ఘాటుకి తుమ్ముకుంటూ, అబ్బాయిల్ని ఒక్కొక్కణ్ణీ తెరమీద దించేవాళ్ళం. (ఆ తుమ్ములకి శకునం పట్టించుకుంటే ఆ సీజన్లో ఒక్క పెళ్ళీ అయ్యేది కాదు.)

చిక్కల్లా బ్యాటరీతో వచ్చింది. నేను చేరిన కొత్తల్లో ఒక ఇంట్లో చూపించి ఇంకో ఇంటికి వెళ్ళేదాకా నిలిచేది. రాన్రాను ఒక కప్పు కాఫీ చల్లారేలోపే తెర నల్లబడిపోయేది. ఇళ్ళల్లో ప్లగ్గులు లేవా అంటారేమో, ఉంటాయి. ఒకటి ఫ్రిజ్ వెనకాల, ఇంకొకటి బీరువా చాటున, మూడోది దేవుడి గదిలో. అన్నీ జరిపి, మంచాలు ఎత్తి, మా వైరు అందేలా పెట్టేసరికి కరెంటు పోయేది. అలా సగంలో ఆగిపోవడం వల్ల ఇంకో చిత్రం జరుగుతోందని నాకు చాలా రోజులదాకా తట్టలేదు. ఫోటోలన్నీ ఇంగ్లీషు అక్షరాల వరసలో ఉండేవి. ఏ, బి అయ్యి సి లోకి వచ్చేసరికి బ్యాటరీ ప్రాణం వదిలేది. దాంతో మా చేతిమీదుగా కుదిరిన పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకులంతా ఏ, బి అక్షరాల వాళ్ళే. మరి మన వైపు సగంమంది మగపిల్లల పేర్లు వెంకటతో మొదలవుతాయి కదా, వి అక్షరం దాకా ఏనాడూ వెళ్ళకపోవడంతో ఆ సగంమంది మొహాలు ఏ ఆడపిల్లా చూడలేదు. ఒకసారి తెలివి ఉపయోగించి చివర్నుంచి మొదలుపెట్టాను. వారం తిరక్కుండానే ఏ అక్షరం అబ్బాయిల తల్లిదండ్రులు గుంపుగా వచ్చి, "ముందున్న మమ్మల్ని వెనక్కి తోస్తారా" అని కేకలేసి పాత వరసే పెట్టించారు.

వెంకటుల తరఫున మొదట గొంతెత్తింది పర్చూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, పదిళ్ళకి వినిపించే గొంతు. కొడుకు డిగ్రీ చదివి, ఉద్యోగం వద్దని పొలం చూసుకుంటున్నాడు. మేం ఆ అబ్బాయిని వెంకటబ్బాయి అనేవాళ్ళం. "ఏం చెల్లెమ్మా, మావోడి ఫోటో ఎక్కడన్నా చూపించావా, బీరువాలో పెట్టి తాళమేశావా?" అన్నాడాయన గుమ్మంలోంచే. పిన్నిగారు తడుముకుంటుంటే నేనే అక్షరాల సంగతి, బ్యాటరీ సంగతి విడమరిచి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అయితే మావోడి పేరుకి ముందు ఆంజనేయ అని తగిలించమ్మా. మా ఇలవేల్పే, ఏం అనుకోడు" అన్నాడు. పిన్నిగారు ఒప్పుకోలేదు. ఇవాళ ఒక వెంకటకి ఆంజనేయుణ్ణి తగిలిస్తే, రేపు జిల్లా అంతా ఆంజనేయులే అవుతారని ఆవిడ భయం. "అట్టయితే బ్యాటరీ మార్పించు చెల్లెమ్మా. ట్రాక్టర్‌కి మార్చట్లా మేం?" అని ఆయన తువ్వాలు దులుపుకుని లేచాడు.

అలా మొదలైంది బ్యాటరీ మార్చాలా వద్దా అన్న వ్యవహారం. మర్నాడే ఇద్దరం బ్రాడీపేటలో ఒక రిపేరు షాపుకి వెళ్ళాం. మెకానిక్ ల్యాప్‌టాప్‌ని తిరగేసి, బోర్లించి, "బ్యాటరీ అయిపోయింది మేడమ్. మార్చాలి" అన్నాడు.

"మారిస్తే బాగవుతుందా?" అన్నారు పిన్నిగారు.

"బ్యాటరీ వరకూ బాగవుతుంది మేడమ్. మిగతాది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం. పాతది కదా."

"అయితే మార్చొద్దంటావా?"

"వద్దని నేనన్లేదు మేడమ్. మారిస్తే మంచిదే. మార్చకపోయినా ప్లగ్గులో ఉంటే నడుస్తుంది."

"పోనీ కొత్తది కొనుక్కోమంటావా?"

"కొంటే ఇంకా మంచిది. కాకపోతే కొత్తవాటికి ఈ గట్టితనం రావట్లేదు."

(ఇంత నిఖార్సైన మధ్యవర్తిని పిన్నిగారు మా ఆఫీసులోకి లాక్కోలేదెందుకో నాకిప్పటికీ అర్థంకాదు.) చివరికి ఆవిడే, "సరే, కంపెనీ బ్యాటరీయేగా వేసేది?" అన్నారు.

"ఈ మోడల్‌కి కంపెనీది రావట్లేదు మేడమ్. కంపాటిబుల్ వేస్తాం."

"అంటే?"

"అంటే ఆ కంపెనీ కాదు, వేరే వాళ్ళది. కానీ దీనికి సరిపోతుంది, కలిసిపోతుంది."

వేరే వాళ్ళది అనగానే పిన్నిగారి మొహంలో రంగులు మారాయి. పాతికేళ్ళుగా అవతలి వాళ్ళు వేరే వాళ్ళు కాకుండా చూడటమే వృత్తిగా పెట్టుకున్న మనిషి. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుంటూ, "ఇంట్లో అడిగి చెప్తాం బాబూ" అన్నారు. ఈ మాటకి అర్థమేమిటో మా ఆఫీసులో అందరికీ తెలుసు.

ఆ తర్వాత ఆవిడ ఇంట్లోనే కాదు, కనపడిన ప్రతివాళ్ళనీ అడిగారు. అమ్మాయి జాతకం తెచ్చినవాళ్ళు ఆ జాతకం పక్కనపెట్టి మా బ్యాటరీ జాతకం చూసేవాళ్ళు. ఒకాయన రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టమన్నాడు. మిరప రైతొకాయన, "చెమ్మ పట్టుంటుందమ్మా, రెండెండలు పడనిస్తే గలగలమంటుంది" అన్నాడు. బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, దేశ ఆర్థిక పరిస్థితి చక్కబడేదాకా కొత్త ఖర్చులేవీ పెట్టుకోవద్దన్నాడు. పిన్నిగారు అందరికీ తలూపేవారు. కూతురికి కారు కొన్నప్పుడు రంగు చూసి మధ్యాహ్నానికల్లా ఇంటికి తెచ్చుకున్న ఆవిడ, అరచెయ్యంత బ్యాటరీ దగ్గరకొచ్చేసరికి ఏనుగుని కొంటున్నంత విచారణ చేశారు. నేను రోజూ గుర్తు చేసేదాన్ని, ఆవిడ రోజూ "చూద్దాంలేవే" అనేవారు.

ఈ ఊగిసలాటలోనే నరసరావుపేట పక్క ఒక ఇంటికి వెళ్ళాం. పెళ్ళికూతురి తండ్రి, తల్లి, మేనమామ, నాయనమ్మ అందరూ ల్యాప్‌టాప్ చుట్టూ మూగారు. నాలుగో అబ్బాయి దగ్గరికొచ్చేసరికి అది కుయ్‌మని మూలిగింది. "ఏమైంది?" అంది నాయనమ్మ, లోపల మనిషెవరికో ప్రాణం మీదికొచ్చినంత కంగారుగా. "ఛార్జింగ్ అయిపోతోందండి, ఇంకొక్క నిమిషం" అన్నాను. అంతే, ఆ ఇల్లంతా రైలు కదిలిపోతున్న ప్లాట్‌ఫారంలా అయిపోయింది. "ఎత్తెంత, ఎత్తెంత?" అన్నాడు మేనమామ. "ఉద్యోగం చదవండి, ఉద్యోగం!" అంది తల్లి. "ఇతనికేం, బంగారంలా ఉన్నాడు, రాసుకోండి, రాసుకోండి!" అని తండ్రి అరిచాడు. తెర ఆరిపోయింది. ఆరిపోయిన తెరకే నాయనమ్మ దణ్ణం పెట్టింది. ఆ సంబంధం ఖాయమైంది, వాళ్ళు ఇప్పటికీ చక్కగా కాపురం చేసుకుంటున్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పిన్నిగారు ల్యాప్‌టాప్ సంచిని ఒళ్ళోకి తీసుకుని నిమిరారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "బ్యాటరీ మార్చొద్దే అమ్మాయ్" అన్నారు. "టైముంటే మనుషులకి లోపాలు కనపడతాయి. లేకపోతే సుగుణాలే కనపడతాయి. ఇన్నాళ్ళూ ఇది మనకి చేస్తున్న మేలు నాకు అర్థమే కాలేదు." ఆ రోజునుంచీ ఏ ఇంట్లోనైనా, పాపం ఎవరైనా ఫ్రిజ్ జరిపి ప్లగ్గు చూపించబోతే, "ఎందుకండీ మీకు శ్రమ" అని ఆవిడే వారించేవారు. పర్చూరు పెద్దాయన ఫోన్ చేసి బ్యాటరీ గురించి అడిగితే, "ఆర్డర్ పెట్టాం అన్నయ్యగారూ" అనేవారు.

కానీ బ్యాటరీలు మన సౌకర్యం చూసి చెడిపోవు. ఒక సోమవారం ల్యాప్‌టాప్ తెరిస్తే మీటల కింద పలక పైకి లేచి ఉంది. అడుగుభాగం పొంగిన పూరీలా ఉబ్బింది. పిన్నిగారు అటూ ఇటూ తిప్పి చూసి, "ఒళ్ళు చేసిందేమిటే ఇది?" అని మూత వేసి, దానిమీద ఇనప ఇస్త్రీపెట్టె బరువు పెట్టారు. నాకెందుకో భయమేసి మెకానిక్‌కి ఫోన్ చేశాను. జీవితంలో మొదటిసారి ఆ మనిషి అటూ ఇటూ కాకుండా ఒక్క మాట చెప్పాడు. "నొక్కకండి మేడమ్! అంటుకుంటుంది! ఆఫ్ చేసి వెంటనే పట్టుకొచ్చెయ్యండి." ఇస్త్రీపెట్టె తీసి, ల్యాప్‌టాప్‌ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద మోసుకెళ్ళాం. పిన్నిగారు షాపు మెట్లెక్కుతూనే, "వేరే వాళ్ళదైనా పర్లేదు బాబూ, వేసెయ్యి" అన్నారు. (మన వైపు చాలా ఇళ్ళల్లో వేరే కులం పెళ్ళిళ్ళకి పెద్దల ఒప్పుదల సరిగ్గా ఇలాగే, పరిస్థితి ఉబ్బి చెయ్యి దాటాకే వస్తుందని తర్వాత్తర్వాత గమనించాను.)

కొత్త బ్యాటరీ దివ్యంగా పనిచేసింది. దాంతోపాటే మా వ్యాపారం దివ్యంగా పడుకుంది. పొద్దున ఒక ఇంట్లో మూత తెరిస్తే మధ్యాహ్నం భోజనాల వేళకి కూడా ఆరేది కాదు. జనం ఒక్కొక్క ఫోటోనీ పెద్దది చేసి, ముక్కు చూసి, చెవులు చూసి, "వెనకాలున్న కారు అతనిదేనా, స్టూడియో వాళ్ళదా?" అని ఆరా తీసేవాళ్ళు. ఏ నుంచి మొదలై జెడ్ దాకా వెళ్ళి, "ఇంతేనా, ఇంకా లేవా?" అనేవాళ్ళు. లేవంటే, "అయితే ఆ మొదటి అబ్బాయిని మళ్ళీ ఒకసారి చూపించమ్మా" అనేవాళ్ళు. మూడుసార్లు టీ తాగి, ఒక్క మాటా తేల్చకుండా, "ఇంట్లో అనుకుని చెప్తాం" అనేవాళ్ళు. అందరూ ఇంట్లోనే ఉండేవాళ్ళు మరి, ఇంకెవరితో అనుకుంటారో!

వి అక్షరం వాళ్ళకి మాత్రం రోజులొచ్చాయని నేను మురిసిపోయాను. వెంకటబ్బాయి ఫోటో ప్రతి ఇంట్లోనూ తెరకెక్కింది, ప్రతి ఇంట్లోనూ దిగిపోయింది. తను వేసిన మిరపచేను పక్కన నిలబడి, ఆ చేను పంటతో కూతుర్ని చదివించిన తండ్రి, "వ్యవసాయం అబ్బాయా? వద్దండీ, నెలజీతం ఉన్నవాణ్ణి చూపించండి" అనేవాడు. పక్కింటివాడు అదే మాట ఈయన కొడుకు గురించి అంటే మాత్రం కొట్లాటకి వెళ్ళేవాడు. కొన్నాళ్ళకి పర్చూరు పెద్దాయన మళ్ళీ వచ్చాడు. పిన్నిగారు లేరు, నేనొక్కదాన్నే ఉన్నాను. "ఇప్పుడు మీవాణ్ణి చాలా ఇళ్ళల్లో చూపించామండీ" అన్నాను ఉత్సాహంగా. "ఏమన్నారమ్మా?" అన్నాడు. మీటల మీద దుమ్ము తుడుస్తూ, "పొలం పని కదా అంటున్నారండీ" అన్నాను. ఆయన పదిళ్ళకి వినిపించే గొంతు నాకొక్కదానికే వినిపించేంతగా తగ్గిపోయింది. "బ్యాటరీ పాడైనప్పుడే బాగుందమ్మా. ఎవరూ చూళ్ళేదు కాబట్టి కుదర్లేదనుకునేవాణ్ణి. ఇప్పుడు చూసి వద్దన్నారని తెలిసింది. పాతది ఉంటే మళ్ళీ వేయించెయ్యండి." నవ్వుతూనే అన్నాడుగానీ, ఆ రోజు ఆయన మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళాడు.

పిన్నిగారు మాత్రం చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. "పాతది లేకపోతేనేం, నీ నోరుందిగా" అన్నారు నాతో. మంచి జీతం అబ్బాయి తెరమీద ఉండగా ఆవిడ నా కాలు తొక్కాలి, నేను వెంటనే "ఛార్జింగ్ అయిపోతోందండి" అనాలి. ఇదీ కొత్త ఏర్పాటు. నాటకాల్లో నాకు చిన్నప్పట్నించీ చెట్టు వేషమే ఇచ్చేవాళ్ళు కనుక, నా నటన గురించి మీరు ఎక్కువగా ఊహించుకోనక్కర్లేదు. మొదటి ఇంట్లో కాలు తొక్కగానే "అబ్బా!" అన్నాను. అందరూ నాకు నీళ్ళిచ్చి పడుకోబెట్టారు.

రెండో ఇల్లు సత్తెనపల్లి అవతల ఒక ఊళ్ళో. పెళ్ళికూతురు టౌన్లో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. తండ్రిది పత్తి, మిరప సేద్యం. ఆ అమ్మాయి లోపల కూర్చోకుండా నేరుగా వచ్చి నా పక్కనే కూర్చుని, "మీట నేను నొక్కనా అక్కా?" అని తనే చూసుకుంటూ పోయింది. ఎస్ అక్షరంలో బెంగుళూరు ఉద్యోగం అబ్బాయి రాగానే తండ్రి కళ్ళు వెలిగాయి, పిన్నిగారి కాలు కదిలింది. నేను నోరు తెరిచేలోపే ఆ అమ్మాయి ముందుకెళ్ళిపోయింది. వి వచ్చింది. అందరూ స్టూడియోలో కోటు వేసుకుని దిగితే, వెంకటబ్బాయి ఒక్కడే కళ్ళంలో, చీలమండల దాకా ఎండుమిరపకాయల్లో నిలబడి, ఎండకి కళ్ళు చికిలించి ఎదుటివాళ్ళెవర్నో చూస్తూ నవ్వుతున్నాడు.

"ఇది తీసెయ్ అమ్మా, వ్యవసాయం" అన్నాడు తండ్రి.

"ఉండు నాన్నా" అందా అమ్మాయి.

పిన్నిగారు నా కాలు తొక్కారు. అంటే ఇప్పుడు ఛార్జింగ్ అయిపోవాలి, మేం గబగబా ఎస్ దగ్గరికి వెళ్ళిపోవాలి. నా మొహం చూసి ఆ అమ్మాయి, "ఛార్జింగ్ అయిపోతోందా అక్కా?" అంది. తెర మూలన బ్యాటరీ బొమ్మ నిండుగా ఉంది. పిన్నిగారి మొహం నిండా హెచ్చరికే ఉంది. నాకు పర్చూరు పెద్దాయన తాగకుండా వదిలేసిన మంచినీళ్ళ గ్లాసు కళ్ళముందు మెదిలింది.

"లేదమ్మా, సాయంత్రందాకా వస్తుంది. తీరిగ్గా చూడు" అన్నాను.

ఆ అమ్మాయి నిజంగానే తీరిగ్గా చూసింది. పిన్నిగారు నన్ను అంతకంటే తీరిగ్గా చూశారు. తిరుగు ప్రయాణంలో ఆటోలో ఆవిడ ల్యాప్‌టాప్ సంచిని ఇద్దరి మధ్యా గోడలా నిలబెట్టారు. నల్లపాడు దగ్గర రైలు గేటు పడింది. ఇంజను ఆపిన నిశ్శబ్దంలో పిన్నిగారు రోడ్డుకేసి చూస్తూ, "రేపట్నించి నువ్వు రానక్కర్లేదు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం పోయినందుక్కాదు, ఇంటికెళ్ళాక అమ్మ మళ్ళీ 'వంట: బాగా' దగ్గర్నుంచి మొదలుపెడుతుందని. ఇంతలో ఆవిడ ఫోన్ మోగింది. అవతల సత్తెనపల్లి తండ్రి, గొంతు ఆటో అంతా వినిపిస్తోంది. "మా అమ్మాయి ఆ కళ్ళం అబ్బాయి గురించి కనుక్కోమంటోందండీ. నేను చెప్పి చూశా, వినట్లేదు."

పిన్నిగారు రెప్ప కూడా వెయ్యకుండా, "నాకు తెలుసండీ! ఆ అబ్బాయిని చూపించాలనేగా ఇంతదూరం వచ్చింది" అన్నారు. రైలు వెళ్ళిపోయింది, గేటు లేచింది. ఫోన్ సంచిలో పడేసుకుని, నాకేసి చూడకుండానే, "రేపు కాస్త పెందలాడే రా. పర్చూరు వెళ్ళాలి" అన్నారు.

పెళ్ళి వేసవిలో జరిగింది. పర్చూరు పెద్దాయన మా ఇద్దరినీ మొదటి బంతిలో కూర్చోబెట్టి, దగ్గరుండి వడ్డింపించాడు. నెయ్యి వద్దంటే కోప్పడ్డాడు. అక్షింతలు వెయ్యడానికి వెళ్ళినప్పుడు ఉండబట్టలేక పెళ్ళికూతుర్ని అడిగేశాను, ఆ రోజు ఆ ఫోటోలో అంతసేపు ఏం చూశావని. "ఎదురుగా ఎవరో తిడుతున్నట్టూ, ఇతను నవ్వుతున్నట్టూ అనిపించిందక్కా" అందా అమ్మాయి గుసగుసగా. "నాకు నోరెక్కువ. తిడితే నవ్వేవాడైతే పర్లేదనుకున్నా." ఫోటో తీసినవాళ్ళెవరని తర్వాత పెద్దాయన్ని అడిగాను. "నేనే తీశా. సరిగ్గా నిలబడి చావరా అని తిడతానే ఉన్నా. అట్టా పళ్ళికిలిస్తే సంబంధాలొస్తాయా అని" అన్నాడాయన, ఇప్పటికీ కొడుకు మీద కోపంగానే.

ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు అక్కడే పనిచేశాను. నాకూ పెళ్ళయింది, పిన్నిగారికి శుభలేఖ ఇచ్చాం. ఆఫీసు ఇప్పుడు లేదు. సంబంధాలన్నీ ఫోన్లలోకి వెళ్ళిపోయాయి. అక్కడ ఫోటోలకి చివరంటూ ఉండదట, చూసేవాళ్ళు చూస్తూనే ఉంటారట. అప్పుడప్పుడు ఏ మిరపకళ్ళం పక్కనుంచో బస్సులో వెళుతూ తుమ్మొచ్చినప్పుడు నాకు అప్పటి నేను, ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల, గుర్తొస్తుంది. గోతుల రోడ్డు మీద ఎగిరిపడే ఆటోలో, తన భుజం మీద తలవాల్చి నిద్రపోతున్న పిన్నిగార్ని కదలనివ్వకుండా, వెచ్చటి ల్యాప్‌టాప్‌ని రెండు చేతులా పొట్టకి అదుముకుని కూర్చునేది. అది కిందపడితే రెండు జిల్లాల పిల్లలందరూ బ్రహ్మచారులుగా మిగిలిపోతారని దానికి గట్టి నమ్మకం. ఇంత బాధ్యత మోస్తున్నా ఎవరూ తప్పుకుని దారివ్వరేమని ఎదురుగా వచ్చే ప్రతి లారీ వైపూ గుర్రుగా చూసేది, పిచ్చిది.